సత్తు గిన్నె ఎందుకు కరిగింది?

మా అమ్మమ్మ చారు కాచిన గిన్నెని గ్యాస్ స్టవ్ మీద కరగబెట్టిన ఘనత నాదే. గుంటూరు బ్రాడీపేటలో కొత్త కాపురం పెట్టినప్పుడు అమ్మ దాన్ని నా చేతికిస్తూ "సత్తు గిన్నె, జాగ్రత్త" అంది. సత్తు అంటే నాకు తెలిసింది అల్యూమినియమే. హాస్టల్లో పప్పు వండే పెద్ద పెద్ద సత్తు డేక్సాలు చూసినదాన్ని, వాటికి జాగ్రత్తేమిటి? కడిగిన గిన్నె తడి ఆరుతుంది కదా అని ఖాళీగానే మంట మీద పెట్టి, తాలింపుకి ఎండుమిరపకాయలు తుంచుతున్నాను. కాసేపటికే అడుగు ఓ పక్కకి వాలింది. ఆ వెంటనే పాదరసంలాంటి చుక్కలు బర్నర్ మీదకి టపటపా రాలాయి. ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే అమ్మ తిట్టలేదు, ఒకటే అడిగింది: "నీళ్ళు పోయకుండా పెట్టావటే?"

ఆ ఒక్క ప్రశ్నలో చాలా ఫిజిక్స్ ఉంది. అమ్మమ్మ కాలపు సత్తు అంటే తగరం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, తగరం 232 దగ్గరే కరిగిపోతుంది. గ్యాస్ మంట వేడి వెయ్యి డిగ్రీల పైమాటే. అయినా చారు మరుగుతున్నంతసేపు గిన్నెకి ఏమీ కాదు. లోపలి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగి, వచ్చిన వేడినంతా ఆవిరి కావడానికే ఖర్చు పెడతాయి. మన ఊరి ఎండలో 30 డిగ్రీలున్న నీటిని మరిగే దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి ఏడు రెట్ల పైనే కావాలి. అడుగున నీళ్ళున్నంతవరకు లోహం వేడి 232 దరిదాపులకు పోదు. చారుకి తాలింపు విడిగా ఇనప గరిటెలో వేసి, చివర్న చుర్రుమనిపించే అలవాటు కూడా అందుకే వచ్చిందేమోనని నా అనుమానం. నూనె నీళ్ళలా వందకు ఆగదు. ఆవాలు చిటపటలాడాక ఇంకాస్త ఏమరిస్తే సత్తుకి గండమే.

ఇంకో గిన్నె కొని అమ్మకి తెలియకుండా సర్దేద్దామని బెజవాడ వన్‌టౌన్‌లో ఓ పాత్రల కొట్టుకి వెళ్ళాను. "సత్తు గిన్నె ఉందా బాబాయ్?" అంటే ఆయన తిరిగి అడిగాడు: "ఏ సత్తమ్మా, తేలికదా, బరువుదా?" నాకు ఎవరూ చెప్పని పాఠం ఆ రెండు మాటల్లో చెప్పేశాడు. అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు బరువు, తగరం 7.3 రెట్లు. కళ్ళు మూసుకుని చేత్తో ఎత్తినా తేడా తెలిసిపోతుంది. బరువుదాని ధర విన్నాక సర్దేసే ఆలోచన అక్కడే మానుకున్నాను.

అసలు ఒక లోహం పేరు ఇంకోదానికి ఎలా వెళ్ళింది? 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఎవరికి వారు కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. అప్పటిదాకా ఖరీదైన ఆ లోహం ఒక్కసారిగా చవకైంది. 1890ల చివర్లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. అప్పట్లో గుంటూరూ బెజవాడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తెల్లగా మెరిసే ఈ కొత్త గిన్నెల్ని కొందరు సిల్వర్ అన్నారు, కొందరు సత్తు అన్నారు. అది వెండీ కాదు, తగరమూ కాదు, అయినా రెండు పేర్లూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

తమిళులు ఈ విషయంలో కాస్త నయం. చారు గిన్నెని వాళ్ళు ఈయ చొంబు అంటారు. తగరం వెళ్ళీయం, అంటే తెల్ల ఈయం. సీసం కారీయం, నల్ల ఈయం. వట్టి ఈయం అన్నప్పుడు మాత్రం రెండూ కలిసిపోతాయి, చిక్కంతా అక్కడే. సీసం చవక, చూడటానికి తగరంలాగే ఉంటుంది, కానీ ఒంట్లో చేరితే విషం. చింతపండు పులుపుకి అది చారులోకి దిగుతుంది.

ఈ భయంతోనే నా కరిగిన ముద్దని పరీక్ష పెట్టాను. వంటింటి త్రాసు మీద 410 గ్రాములు తూగింది. తర్వాత త్రాసు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, అంకెని సున్నా చేసి, ముద్దని దారంతో కట్టి గ్లాసు అడుక్కి తగలకుండా మునిగేలా వేలాడదీశాను. త్రాసు 56 చూపింది. అంటే ముద్ద పక్కకి నెట్టిన నీళ్ళు 56 గ్రాములు. 410ని 56తో భాగిస్తే 7.3, తగరం లెక్కే. సీసం బాగా కలిసి ఉంటే అంకె ఇంకా పైకి పోయేది, ఎందుకంటే సీసం 11.3 రెట్లు బరువు. కొద్దిపాటి కల్తీని మాత్రం ఈ లెక్క పట్టలేదు, దానికి ల్యాబ్ ఉండాల్సిందే.

వంటింట్లో తగరం దాక్కున్న చోట్లు ఇంకా ఉన్నాయి. కంచం అనే మాటలో ఉన్నది కంచు. రాగిలో సుమారు ఐదో వంతు తగరం కలిస్తే ఖంగుమని మోగే కంచు తయారవుతుంది, కంచుకంఠం అంటున్నది ఆ మోతనే. ఇప్పుడు స్టీలు పళ్ళేన్ని కూడా కంచమే అంటున్నాం. తమిళులు ఇనప పెనాన్ని దోసైక్కల్, అంటే దోసె రాయి అంటారు. కన్నడంలో పెనానికీ ఇంటి పెంకుకీ ఒకటే మాట, హెంచు. రాతినీ మట్టినీ వాడిన రోజులు ఆ పేర్లలో మిగిలిపోయాయి. మన రాచ్చిప్ప ఒక్కటే ఇంకా నిజాయితీగా రాయి. పేరుకు తగ్గట్టే, పొయ్యి మీంచి దించాక కూడా పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. మందమైన రాయిలోంచి వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి అడుగు బయటివైపు వందకి చాలా పైన కాగి ఉంటుంది, దించాక ఆ నిల్వ లోపలికి వస్తుంది.

ఇక కళాయి. అరబ్బీలో తగరాన్ని 'కలయీ' అంటారు. ఇత్తడి పాత్ర లోపల తగరం పూతని మనం కళాయి అంటాం. మా వీధిలో సగం మంది బాణలిని కూడా కళాయే అంటారు, అది కడాయి మారిన రూపం. పూత లేని ఇత్తడిలో పులుసు పెడితే అందులోని రాగి కరిగి చిలుమెక్కుతుంది. గిన్నెని చింతపండు తళతళలాడించేదీ ఆ పులుపుతోనే.

పోయినేడు కళాయి వేసే తాత వీధిలోకి వస్తే అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగని బయటికి తెచ్చాను. ఆయన దాన్ని బొగ్గుల మీద కాల్చి, నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పున లేచి కళ్ళు మండాయి. ఆ వేడికి నవాసారంలోంచి వచ్చే ఆమ్లం ఇత్తడి మీది పొరని తినేస్తే తప్ప తగరం అంటుకోదు. నా ముద్దని ఆయనకిచ్చాను. చేతిలో అటూ ఇటూ తిప్పి, "మంచి సత్తమ్మా, ఎక్కడిది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చిన్న ముక్క రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేసరికి లోపలంతా అద్దంలా తేలింది.

ల్యాబ్‌కి పంపలేదు కాబట్టి ఆ గుండిగలో పులుసు పెట్టను. సంక్రాంతికి పరమాన్నం మాత్రం అందులోనే వండుతాను.