నీరు కట్టిన రాళ్లు: ఫోంటెన్‌బ్లో అడవిలో బౌల్డరింగ్

పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోంటెన్‌బ్లో అడవిలో, రాళ్లెక్కడానికి వచ్చినవాళ్లు ముందు చేసే పని కాళ్లు తుడుచుకోవడం. పాత కార్పెట్ ముక్క ఒకటి రాయి మొదట్లో పరుస్తారు. దాని మీద నిలబడి బూట్ల అడుగులు రుద్దుకుంటారు, చేత్తో ఓసారి తడిమి చూసుకుంటారు, ఆ తర్వాతే రాతి మీద కాలు పెడతారు. కొత్తగా చూసేవారికి చాదస్తమనిపిస్తుంది. నేలంతా ఇసుకే, ఎక్కబోయేదీ ఇసుకరాయే, మధ్యలో ఈ శుభ్రం దేనికి?

ఇసుక వల్లే. ఇక్కడి ఇసుక దాదాపు పూర్తిగా క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7వ స్థానం, మామూలు చాకు ఉక్కు కంటే పైన. బూటు అడుగున అంటుకున్న నాలుగు రేణువులు రబ్బరుకూ రాయికీ మధ్య పడితే ప్రతి అడుగూ రాతిని కాస్త గీకుతుంది. ఒక్కరు గీకితే కనబడదు. ఏళ్ల తరబడి వేలమంది అదే పట్టు మీద అదే చోట కాలు పెడితే అది నున్నబడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. బార్బిజోన్ ఊరి దగ్గరున్న బా క్యువియే అనే చోట అలా అద్దంలా మెరిసే పట్టులు ఎన్నో ఉన్నాయి.

బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా చిన్న బండలెక్కడం. ఎత్తు సాధారణంగా మూడు నాలుగు మీటర్లు. కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు, ఆ పక్కన చేతులు చాచి నిలబడే స్నేహితుడు, ఇంతే రక్షణ. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్‌లో రైలెక్కితే ముప్పావు గంటలోపే అడవి అంచున దిగవచ్చు. ఓక్, బీచ్, పైన్ చెట్ల మధ్య నడుస్తుంటే చెప్పుల కింద తెల్లని మెత్తని ఇసుక తగులుతుంది. సముద్రం దరిదాపుల్లో లేదు. ఈ ఇసుక ఎక్కడిదో తెలిస్తే ఆ కార్పెట్ ముక్క సంగతీ, ఇక్కడ వాన పడ్డాక ఎవరూ రాయి ముట్టుకోకపోవడమూ రెండూ అర్థమవుతాయి.

3 కోట్ల సంవత్సరాలకు పూర్వం పారిస్ ప్రాంతాన్ని లోతులేని సముద్రం కప్పి ఉండేది. అది వెనక్కి తగ్గుతూ తీరం వెంట దిబ్బలు దిబ్బలుగా ఇసుక వదిలింది. కొన్నిచోట్ల ఆ పొర 50 మీటర్లకు పైనే ఉంటుంది. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణం, మిల్లీమీటరులో పావు వంతు. మలినాలు ఎంత తక్కువంటే కటకాలకు వాడే గాజు తయారీకి దీన్ని తవ్వి తీసుకెళతారు. ఈ ఇసుక మీద తర్వాత సరస్సుల అడుగున సున్నపురాయి పేరుకుంది. ఇంతవరకూ చిక్కు లేదు. చిక్కంతా ఈ ఇసుకలో కొంత భాగం మాత్రమే, అదీ కొన్నిచోట్ల మాత్రమే, రాయిగా ఎందుకు మారింది అన్నదగ్గర.

ఇసుక రాయి కావాలంటే రేణువుల మధ్య ఏదో ఒక బంధం ఏర్పడాలి. ఇక్కడ ఆ పని చేసింది భూగర్భజలం. నీటిలో కరిగిన సిలికా, అంటే క్వార్ట్జ్ తయారయ్యే పదార్థమే, మెల్లగా రేణువుల మీద పేరుకుని వాటిని ఒకదానికొకటి అతికించింది. పాత రేణువు స్ఫటిక నిర్మాణం ఏ దిశలో ఉందో కొత్త సిలికా కూడా అదే దిశలో పెరిగింది. అందుకే సూక్ష్మదర్శినిలో చూసినా పాతదెక్కడ ఆగింది, కొత్తదెక్కడ మొదలైంది అన్నది చెప్పడం చాలాచోట్ల కష్టం.

ఇదంతా ఇసుక పేరుకున్న కాలంలోనే, కోట్ల ఏళ్ల కిందటే జరిగిందని చాలాకాలం అనుకున్నారు. పారిస్ గనుల విద్యాసంస్థకు చెందిన భూవిజ్ఞాని మెదార్ తిరీ దీన్ని ఒప్పుకోలేదు. ఆయన చూపిన ఆధారం తేలికగానే అర్థమవుతుంది. గట్టి రాయి ఎక్కువగా కనబడేది లోయల అంచుల్లో. సున్నపురాయి పీఠభూమి లోపలి భాగంలో బోరు వేస్తే అదే లోతులో చాలావరకూ వదులు ఇసుకే వస్తుంది. అంటే లోయలు కోసుకుపోయి, భూగర్భజలం బయటికి ఊరే దారులు ఏర్పడ్డాకే ఆ అంచుల్లో రాయి కట్టి ఉండాలి. 2015లో తిరీ, ఆయన సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మంచుయుగాల చలిలో, నేల పైపొరల దగ్గరికి వచ్చిన నీరు చల్లబడి సిలికాను వదిలేసిందని వాదించారు. చల్లటి నీటిలో సిలికా తక్కువ కరుగుతుంది కాబట్టి లెక్క కుదురుతుంది. ఈ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది. నిజమైతే ఇసుక వయసు కోట్ల ఏళ్లు, రాయి వయసు మాత్రం లక్షల ఏళ్లలోపు. ఒకే బండలో ఇంత ఎడమున్న రెండు వయసులు.

సిలికా అన్నిచోట్లా సమానంగా పడలేదు. పల్లీ చిక్కీలో పాకం పలచబడితే ముక్క చేతిలోనే విడిపోతుంది, ఎక్కువైతే పళ్లు విరుగుతాయి. ఈ రాళ్లదీ అదే తీరు. దీన్ని శాస్త్రవేత్తల కంటే ముందే పట్టుకున్నవాళ్లు ఇక్కడి రాళ్లు కొట్టే కూలీలు. 19వ శతాబ్దంలో పారిస్ వీధుల్లో పరిచిన రాతి పలకల్లో చాలా భాగం ఈ అడవిదే. సుత్తితో కొట్టగానే వచ్చే చప్పుడును బట్టి వాళ్లు రాయిని మూడు రకాలుగా విడదీసేవారు. ‘పిఫ్’ అని మోగితే మరీ గట్టిది, పగలదు. ‘పాఫ్’ అంటే సరిగ్గా సరిపోయేది. ‘పూఫ్’ అన్నదా, పొడిపొడి అయిపోయే బాపతు, పక్కన పడేయాల్సిందే. ప్రభుత్వ అడవిలో ఈ తవ్వకాలు 1907లో ఆగిపోయాయి.

ఆ చప్పుళ్ల తేడానే తర్వాత ప్రయోగశాలలు అంకెల్లో కొలిచాయి. రాయిలో ఖాళీల వాటా ఫోంటెన్‌బ్లో నమూనాల్లో 2, 3 శాతం నుంచి 30 శాతం దగ్గరి దాకా ఉంటుంది. రేణువు మాత్రం ఎక్కడ చూసినా ఒకటే. మిగతావన్నీ స్థిరంగా ఉండి ఒక్క ఖాళీల వాటా మాత్రమే మారే రాయి ప్రకృతిలో దొరకడం అరుదు. అందుకే చమురు, నీరు రాతిలో ఎలా పారతాయో పరిశోధించేవారు దశాబ్దాలుగా ఈ రాయినే తెప్పించుకుంటున్నారు. ఖాళీలు 9 శాతం కంటే ఎక్కువున్నప్పుడు నీరు పారే సామర్థ్యం ఆ వాటా ఘనానికి అనుగుణంగా మారుతుందని, అంతకంటే తగ్గితే 7, 8వ ఘాతానికి అనుగుణంగా, అంటే చాలా వేగంగా, పడిపోతుందని 1985లో పరిశోధకులు బుర్బియే, జిన్‌జ్నెర్ చూపించారు. చివరి కొద్దిపాటి ఖాళీల్లో దారులు ఒకదానితో ఒకటి తెగిపోతాయన్నమాట.

నీరు రాయిని కట్టి ఊరుకోలేదు. పై సున్నపురాయి కరిగి కొట్టుకుపోయాక, గట్టి పలక కింద అతకని ఇసుక వానలకు జారిపోవడం మొదలైంది. ఆధారం పోయిన పలక విరిగింది. ముక్కలు వాలు వెంట దొర్లి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇప్పుడు జనం ఎక్కుతున్నవి ఆ ముక్కలే. 19వ శతాబ్దపు చిత్రకారులు ఈ రాళ్ల గుంపుల మీద మనసు పడి, నరుకుడూ తవ్వకాలూ ఆపాలని గొడవ చేశారు. 1861లో సుమారు 1,097 హెక్టార్లను కళ కోసం విడిచిపెడుతూ ప్రభుత్వం ఆదేశమిచ్చింది. అమెరికా యెల్లోస్టోన్ పార్కు వచ్చింది 1872లో. అడవి కాపాడాలన్న చట్టానికి మొదటి కారణం జంతువులూ కాదు, నీటి వనరులూ కాదు, బొమ్మలు గీసుకునే వీలు!

పర్వతారోహకులు వచ్చింది ఆల్ప్స్‌కు సాధన కోసం. పియర్ అలెన్ 1930లలో ఈ బండల మీదే నున్నటి రబ్బరు అడుగున్న బూట్లను తీర్చిదిద్దాడు. 1935లో రేమండ్ లైనింజెర్‌తో కలిసి ఆల్ప్స్‌లోని ద్రూ శిఖరం ఉత్తర ముఖాన్ని మొదటిసారి ఎక్కింది ఆయనే. 1947 నుంచి రాళ్ల మీద రంగు బాణాలు వేసి, పదుల కొద్దీ బండలను వరుసగా ఎక్కే దారులు గుర్తించడం మొదలైంది. పసుపు సులువు, తర్వాత నారింజ, నీలం, ఎరుపు, నలుపు. నేలకు దిగి మళ్లీ ఎక్కుతూ రోజంతా సాగితే పెద్ద శిఖరానికి కావలసినంత వ్యాయామం అవుతుంది. 1960లో మిషెల్ లిబేర్ ఎక్కిన ‘లాబత్వార్’ బండ 7ఏ అనే కష్టస్థాయికి ఆద్యమని చెబుతారు. అంకె, అక్షరం కలిసిన ఈ ఫోంటెన్‌బ్లో స్థాయిలను ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు.

ఇక్కడి బండల ప్రత్యేకత వేళ్లు దూర్చే అంచులు తక్కువ ఉండడం. పైభాగం గుండ్రంగా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా ఉంటుంది. అరచేయి ఆనించి ఘర్షణ మీద భారం వేయాలి. బలవంతులు ఇక్కడ తెల్లమొహం వేయడం మామూలే. ఒత్తిడి ఎంతైనా ఘర్షణ గుణకం మారదని బడిలో చెప్పిన సూత్రాన్ని రబ్బరు పూర్తిగా పాటించదు. ఒత్తిడి పెరిగేకొద్దీ దాని గుణకం తగ్గుతుంది. కాబట్టి నున్నటి వాలు మీద బొటనవేలి కొన మీద నిలబడడం కంటే మడమ దించి బూటు ముందు భాగమంతా ఆనిస్తే పట్టు బాగుంటుంది. ఆ మెత్తని రబ్బరు పావు మిల్లీమీటరు రేణువుల మధ్య సందుల్లోకి కూరుకుని గోడను పట్టుకుంటుంది. రేణువులు నున్నబడితే కూరుకోవడానికి సందుండదు. మళ్లీ కార్పెట్ ముక్క దగ్గరికే వస్తాం.

చేతుల సంగతి ఇంకా తికమక. చెమట పీల్చడానికి మెగ్నీషియం కార్బొనేట్ పొడి, క్లైంబర్లు చాక్ అనేది, రాసుకుంటారు. 2001లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూస్తే పొడి వల్ల ఘర్షణ తగ్గిందని తేలింది. 2012లో మరో బృందం ఇసుకరాయి, సున్నపురాయి మీద పరీక్షిస్తే పెరిగింది. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి ఫలితాలు వేరయ్యాయి. ఎక్కేవాళ్లు మాత్రం ఎవరి మాటా వినకుండా రాసుకుంటూనే ఉన్నారు. ఫోంటెన్‌బ్లో పాతకాపులు పొడికి బదులు గుడ్డలో కట్టిన పైన్ బంకను రాతికి కొట్టేవారు. అది రేణువుల సందులను పూడ్చి రాతికి మెరుపు పూత పూస్తుంది. ఇప్పుడు ఆ అలవాటు వద్దంటున్నారు, సరిగ్గానే. అసలు మందు చలికాలం. నవంబరు నుంచి మార్చి దాకా, చలి ఉండి గాలి పొడిగా వీచే రోజున వేళ్లకు చెమట పట్టదు. కష్టమైన బండలు చాలామంది అప్పుడే సాధిస్తారు.

చాలా బండల్లో లోపలి కంటే బయటి పొర గట్టిది. లోపలి తేమ ఎండకు పైకి వచ్చి ఆరిపోతూ, తెచ్చిన సిలికాను ఉపరితలం దగ్గర వదిలి కొన్ని మిల్లీమీటర్ల పెంకు కట్టింది. అది బహుభుజాల్లా పగుళ్లిస్తే ఏనుగు తోలు అంటారు అక్కడివాళ్లు. అలాంటి బండల్లో పెంకు ఊడితే కింద బయటపడేది చాలాచోట్ల వేలితో గీకితే రాలే ఇసుక. ఇనుప బ్రష్‌తో పట్టులు తోమితే పోయేది ఈ పెంకే. ఇలా పెంకు లేని మెత్తని గోడలున్న చిన్న చిన్న గుహల్లోనే మధ్యశిలాయుగపు మనుషులు గళ్లు, గీతలు చెక్కారు. అలాంటివి ఈ ప్రాంతంలో రెండు వేలకు పైనే గుర్తించారు.

ఇక వాన. తడిసిన ఇసుకరాయి బలహీనపడుతుంది, కానీ ఎంత అన్నది అతుకును బట్టి ఉంటుంది. 1992లో బ్రిటన్‌లోని 35 రకాల ఇసుకరాళ్లను పరీక్షిస్తే, సిలికా అతుకున్న ఒక రాయి తడిలో 8 శాతం బలం కోల్పోగా, బంకమన్ను ఎక్కువున్న ఇంకొకటి 78 శాతం కోల్పోయింది. బంకమన్ను నీటికి ఉబ్బి మెత్తబడుతుంది. సిలికా బంధాలను కూడా నీటి అణువులు పగుళ్ల కొసల దగ్గర మెల్లగా తెంపుతాయి. ఈ లెక్కన స్వచ్ఛమైన ఫోంటెన్‌బ్లో రాయి మెరుగైన కోవలోదే. అయినా పూఫ్ రకం రాతికి, పెంకు పలచబడిన అంచుకు ఆ కొంచెం తేడాయే చాలు. మనిషి బరువంతా వేలాడేది అలాంటి అంచు మీదే. జర్మనీలోని సాక్సనీ ఇసుకరాతి కొండల్లో తడి రాయి ఎక్కకూడదన్న నియమం ఇంకా కఠినం. అక్కడ చాక్ కూడా నిషిద్ధం, పగుళ్లలో లోహపు పరికరాలకు బదులు ముడులు వేసిన తాళ్లు దూర్చాలి. హైదరాబాద్ గ్రానైట్ గుండ్ల మీద నేర్చుకున్నవారికి ఇదంతా అతిగా తోచవచ్చు. గ్రానైట్‌లో స్ఫటికాలు ఒకదానిలోకొకటి పెనవేసుకుని పెరుగుతాయి, ఖాళీలు నామమాత్రం. ఒక గంట ఎండ కాస్తే పైన ఆరిందంటే ఆరినట్టే. ఇసుకరాయి పైన పొడిగా కనబడుతూ లోపల తేమను రోజుల తరబడి దాచుకోగలదు. అందుకే అనుభవజ్ఞులు బండను కాక దాని మొదట్లో ఇసుకను వేలితో తవ్వి చూస్తారు.

మనకూ అడవిలో ఇసుకరాయి ఉంది. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో అటవీశాఖ రాక్ క్లైంబింగ్ నేర్పించింది. ఆ రాయి ఎంతో పాతది, ఫోంటెన్‌బ్లో ఇసుక దాని ముందు నిన్నటిది. వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తాయి గనుక ఎక్కే కాలం ఎంచుకోవడం ఫ్రాన్స్‌లో కంటే సులువు. అక్కడ ఏ నెలలోనైనా చినుకు పడుతుంది. పాండవుల గుట్టల్లో వేరే చిక్కు ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన చరియల కింద వాన తగలదు, ఎర్రరంగుతో గీసిన ఆదిమానవుల బొమ్మలు మిగిలింది అలాంటి గోడల మీదే. జల్లు పడుతున్నా పొడిగా ఉండే ఆ చరియలే ఎక్కేవాళ్లకూ మొదట కంటబడతాయి.