‘ఏటుందిరా’ అన్న మాటకు ఒక పాత జవాబు

శ్రీకాకుళంలో కోచింగ్ సెంటర్ల పక్కన టీ బడ్డీల దగ్గర “ఏం చేస్తే ఏటుందిరా” అన్న మాట తరచూ వినబడుతుంది. చాలావరకు అది వట్టి విసుగే. ముదిరి, ఏ పనికీ అర్థం లేదన్న నమ్మకమైతే తత్వశాస్త్రం దాన్ని నిహిలిజం అంటుంది. తెలుగులో శూన్యవాదం అని రాస్తున్నారు గానీ నాకా మాట నచ్చదు, అది బౌద్ధుల శూన్యతతో కలగాపులగమవుతుంది. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం దగ్గర రామతీర్థం బౌద్ధుల చోట్లు. ఏదీ తనంతట తాను నిలవదు, మరొకదాని ఆధారంతోనే ఉంటుంది అన్నది బౌద్ధుల శూన్యత. అసలేమీ లేదని వాళ్లు అనలేదు.

నిహిలిస్టు అన్న పేరును జనంలోకి తెచ్చింది 1862లో వచ్చిన తుర్గేనెవ్ రష్యన్ నవల. గురజాడ పుట్టిందీ ఆ ఏడాదే. ఇరవై ఏళ్లకు జర్మన్ తత్వవేత్త నీషే ఒక పిచ్చివాడి నోట దేవుడు చనిపోయాడని, చంపింది మనమేనని అనిపించాడు. అది సంబరం కాదు. దేవుణ్ణి తీసేశాక నీతి దేని మీద నిలబడుతుందన్నది ఆయన బెంగ.

క్రైస్తవులు ఇచ్చిన జవాబుల్లో ఒకటి పాత పెట్టెలోంచి తీసినది. 13వ శతాబ్దంలో కేథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ గ్రీకుల నాటి నాలుగు సద్గుణాలను, అంటే వివేకం, న్యాయం, ధైర్యం, మితం, తీసుకుని వాటిపైన బైబిల్లో పౌలు చెప్పిన విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలను ఉంచాడు. మొదటి నాలుగూ ఈతలాగా సాధనతో అబ్బగలవు. చివరి మూడూ దేవుడిచ్చేవి.

1517లో జర్మనీలో చర్చి సంస్కరణకు దిగిన మార్టిన్ లూథర్‌కు ఇందులో తప్పు కనబడింది. మంచి పనులు చేస్తూ చేస్తూ నీతిమంతులమవుతాం అన్న అరిస్టాటిల్ మాటను ఆయన ఒప్పుకోలేదు. ఆ అనుమానం ఓడెక్కి మన వైపూ వచ్చింది. శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాల్లో క్రైస్తవ సంఘాలను పెంచింది కెనడా బాప్టిస్టులు. “క్రియల వల్ల కాదు, కృప వల్లే” అన్నది ఇక్కడి పల్లె ప్రసంగాల్లో ఇప్పటికీ గట్టిగా చెప్పే మాట.

1958లో కేథలిక్ తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కూమ్, ఆజ్ఞ ఇచ్చే దేవుణ్ణి వదిలేసి ‘చెయ్యాలి’ అన్న మాటను మాత్రం పట్టుకు వేలాడుతున్నామని ఎత్తిచూపింది. 1981లో మరో తత్వవేత్త అలస్‌డేర్ మెకింటైర్ సూటిగా అడిగాడు: నీషేనా, అరిస్టాటిలా? అంటే నీతి పునాదినే ప్రశ్నించిన వాడి దారా, సాధనతో సద్గుణం అబ్బుతుందన్న వాడి దారా అని. అప్పటికి ఆయన చర్చికి దూరంగానే ఉన్నాడు. ఆ ప్రశ్న వెంట నడిచి తర్వాత కేథలిక్ అయ్యాడు. సద్గుణం వాదనతో రాదని, నలుగురితో కలిసి చేసే పనిలో, పెద్దలను చూసి అబ్బుతుందని ఆయన అన్నాడు.

మనకిది మరీ కొత్త సంగతి కాదు. పర్లాకిమిడి దగ్గర పుట్టి ఈ ప్రాంతంలో సువార్త చెప్పిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను అక్షరం రాని ముసలమ్మలు కూడా నోటికి పాడతారు. పాడేది కృప గురించే, నోటికి వచ్చింది మాత్రం అలవాటు వల్ల.

మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. అక్వినాస్ లెక్కలో అది, దొరకడం కష్టమైనా దొరకగల మేలు కోసం చెయ్యి చాచడం. ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లివచ్చే మనిషికి ఆ తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆ మంచం పక్కన కూర్చునే సంఘస్థుడికీ అంతే, అలా వెళ్లడం మొదలుపెట్టి ఏడాది దాటితే.