క్రియాటినిన్ ఒక్క పాయింటు పెరిగితే ఏమైంది?

గాజువాక నుంచి ఒకావిడ అడిగారు: “మా మామగారికి క్రియాటినిన్ ఇంతకుముందు ఒకటి ఉండేది. ఇప్పుడు రెండు వచ్చింది. ఆయనేమో శుభ్రంగా తింటున్నారు, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తున్నారు. ఒక్క పాయింటుకే డాక్టరుగారు అంత టెన్షన్ పెట్టేశారేంటండీ?”

క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోడానికి రక్తంలో చూసే పదార్థం. ఆవిడ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. అవయవంలో జరిగే చెడుపు ఒకటి, దాన్ని వ్యాధి అందాం. మనిషికి తెలిసొచ్చే బాధ, ఇంటిల్లిపాదిమీదా పడే భారం రెండోది, దాన్ని అనారోగ్యం అందాం. ఈ రెంటినీ వేరుచేసి చూడాలని అమెరికన్ సైకియాట్రిస్టు లియాన్ ఐసెన్‌బర్గ్ 1977లో రాశారు. నిర్వచనాలు అంతవరకు చాలు. ఒకటి మొదలయ్యాక రెండోది రావడానికి ఎంతకాలం పడుతుంది, ఎందుకు పడుతుంది అన్నదే నాకు ఆసక్తి. కిడ్నీ విషయంలో దీన్ని లెక్కవేసి చూపించొచ్చు.

బీచ్ రోడ్డు ఊడ్చేవాళ్ళు వందమంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరూ రోజుకి ఇంత దూరమని ఊడుస్తారు, ఆ దూరంలో ఉన్న చెత్తంతా ఎత్తేస్తారు. రోడ్డుమీద పడే చెత్త రోజూ ఒకే మోతాదు. ఇప్పుడు యాభైమందిని తీసేశారు. మిగిలినవాళ్ళు అంతే దూరం ఊడుస్తారు కాబట్టి చెత్త పేరుకుంటుంది. కానీ ఎప్పటికీ పేరుకుంటూ పోదు. రోడ్డుమీద చెత్త రెండింతలయ్యేసరికి, అదే దూరంలో ఒక్కొక్కరూ రెండింతలు ఎత్తుతారు. అంటే ఆ రోజు పడినంతా ఆ రోజే పోతుంది. చెత్త రెండింతల దగ్గర ఆగిపోతుంది. పాతికమందే మిగిలితే నాలుగింతల దగ్గర ఆగుతుంది, పన్నెండుమంది మిగిలితే దాదాపు ఎనిమిదింతల దగ్గర.

ఆ చెత్తే క్రియాటినిన్. కండరాల్లో ఉండే క్రియాటిన్‌లో రోజుకి ఒకటి రెండు శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారుతుంది. కండ మారనంతకాలం ఈ మోతాదు ఇంచుమించు మారదు. ఊడ్చేవాళ్ళు నెఫ్రాన్లు, అంటే కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి జల్లెడలు, ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు. అందరూ కలిసి ఊడ్చే దూరం జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రెండూ కలిసి వడపోసే మోతాదు. ఆరోగ్యవంతుల్లో అది నిమిషానికి 100 మిల్లీలీటర్ల పైమాటే, రోజుకి 150 నుంచి 180 లీటర్లు.

ఇప్పుడు మామగారి రిపోర్టు చూడండి. ఒకటి రెండయిందంటే, కిడ్నీల శక్తిలో సుమారు సగం పోయినట్టు. నాలుగు ఐదయితే? వందలో మిగిలిన పాతిక కాస్తా ఇరవైకి తగ్గింది, కొత్తగా పోయింది ఐదే. కానీ కుటుంబాలు కంగారుపడేది నాలుగు దాటాకే, ఎందుకంటే బాధ తెలిసేది అప్పుడు. సన్నగా ఉండే ముసలావిడకి కండ తక్కువ, కాబట్టి చెత్తా తక్కువే, ఆమెకి 1.2 వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు. అందుకే ఇప్పుడు ల్యాబులు వయసు, ఆడా మగా చూసి ఈజీఎఫ్ఆర్, అంటే అంచనా వేసిన జీఎఫ్ఆర్ కూడా రాసిస్తున్నాయి. పదిమంది గోడ కడితే ఎన్ని రోజులు, ఐదుగురు కడితే ఎన్ని రోజులు అని బడిలో విలోమానుపాతం చెప్తారు. ఆ లెక్క మన నడుం వెనకే రోజూ నడుస్తోందని ఒక్క మాట చెప్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇంకో చిక్కుంది. మనుషులు తగ్గితే మిగిలినవాళ్ళు ఓవర్‌టైమ్ చేస్తారు. మిగిలిన నెఫ్రాన్లలో రక్తం బయటికెళ్ళే సన్నటి నాళాన్ని యాంజియోటెన్సిన్ అనే హార్మోను బిగిస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి ఒక్కొక్కటీ ఎక్కువ వడపోస్తుంది. అందువల్ల మొదట్లో పోయిన శక్తి క్రియాటినిన్‌లో కూడా కనబడదు. ఆ ఒత్తిడికే ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది, మిగిలిన నెఫ్రాన్లు కూడా మచ్చగట్టి పోతాయి. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు ఆ బిగింపు వదులుచేస్తాయి. ఓవర్‌టైమ్ తగ్గుతుంది కాబట్టి మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. 30 శాతం లోపు పెరుగుదలని డాక్టర్లు సాధారణంగా సహిస్తారు, పొటాషియం చూసుకుంటూ మందు కొనసాగిస్తారు. ఈ సంగతి చెప్పకపోతే, మందు వల్లే చెడిందని ఇంట్లోవాళ్ళు మానిపించేస్తారు.

మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ రెండో వైపు దెబ్బ కొడుతుంది. రక్తం లోపలికొచ్చే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లని అది ఆపేస్తుంది. మోకాలు అరుస్తుంది, కిడ్నీ అరవదు. మామగారి విషయంలో ముందు చూడాల్సింది ఈ మాత్రలే. తర్వాత మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించి, ఆలస్యం చేయకుండా కిడ్నీ డాక్టరుకి చూపించాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో తరచు వినబడే మాట: “మొన్నటిదాకా జీడితోటలో పనిచేశాడండీ, ఉన్నట్టుండి ఇలా అయిపోయింది.” అక్కడి జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. చాలామందిలో మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు కాబట్టి స్ట్రిప్ పరీక్షకీ దొరకదు. వాంతులు, దురద, కాళ్ళ వాపు, ఆయాసం వచ్చేసరికి చాలామందిలో మిగిలింది వందలో పదో పదిహేనో. నిన్న బాగున్న మనిషి ఇవాళ పడిపోతే ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారనుకోవడం నాకు వింతగా అనిపించదు. కళ్ళతో చూసింది అంతే మరి. వాళ్ళని తిట్టడం కంటే ఊడ్చేవాళ్ళ లెక్క కూర్చోబెట్టి చెప్పడం నయం.

డయాలసిస్ మొదలయ్యాక సంగతి తిరగబడుతుంది. నాలుగు గంటల్లో రక్తంలో యూరియా మూడింట రెండొంతులు దిగిపోతుంది. రిపోర్టు బాగుంటుంది, మనిషి మాత్రం వడిలిపోయి ఇంటికొస్తాడు. ఒంట్లో నీరు, లవణాలు అంత వేగంగా మారితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఆ పూట మాట్లాడే ఓపిక కూడా ఉండదు. వారానికి మూడు రోజులు ఇదే. వెంట వచ్చే భార్యకో కొడుకుకో ఆ మూడు రోజుల కూలి పోతుంది. ఇది ఏ రక్తపరీక్షలోనూ రాదు కాబట్టి, “డయాలసిస్ అయ్యాక ఎంతసేపటికి తేరుకుంటున్నావు?” అని డాక్టరు అడిగి తెలుసుకోవాల్సిందే. నీరు మరీ వేగంగా లాగేస్తున్నారేమో అన్నది ఆ జవాబులోనే తెలుస్తుంది.

వంటింట్లో కష్టం ఇంకోరకం. ఒంట్లో బాగోలేదంటే మనవాళ్ళు మొదట తెచ్చేది కొబ్బరిబొండం, అందులోనూ ఉద్దానం కొబ్బరితోటల సీమ. దాన్నిండా పొటాషియం. కిడ్నీ బయటికి పంపలేని పొటాషియం గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తాలింపు వేస్తే పొటాషియం చాలావరకు తగ్గుతుంది. ఇంటి కోడలు ఒకే పొయ్యిమీద జబ్బుమనిషికి ఇలా ఒకటి, మిగతావాళ్ళకి ఒకటి, రెండు కూరలు వండుతుంది. డైట్ చార్టు వివరించేటప్పుడు ఆవిణ్ణి కూడా లోపలికి పిలవాలి.