లాక్ వేసేస్తే సరిపోదు

లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైల్ తెరవబోతే, మామూలు అనుమతులు సరిచూశాక ఎస్‌ఈలినక్స్ లాంటి సెక్యూరిటీ మాడ్యూల్ కూడా సరే అనాలి. ఈ తనిఖీ కోడ్ తనంతట తాను నడవదు. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని వేరే భాగమేదో పిలిస్తే నడుస్తుంది. ఆ పిలిచిన భాగం అప్పటికే ఒక లాక్, అంటే ఉమ్మడి డేటా జోలికి ఇంకొకరు రాకుండా ఆపే తాళం, పట్టుకుని ఉండొచ్చు. తలనొప్పంతా ఇక్కడే.

స్పిన్‌లాక్‌నే చూడండి. అది ఒకరి చేతిలో ఉండగా దానికోసం వచ్చిన మరో సీపీయూ కోర్ వేరే పనికి వెళ్లదు, అక్కడే గిరగిరా తిరుగుతూ కాచుకుంటుంది. అందుకే లాక్ పట్టుకున్న కోడ్ మధ్యలో నిద్రపోకూడదు, అంటే దేనికోసమో సీపీయూ వదిలేసి ఆగిపోకూడదు. కానీ మెమరీ అడిగే మామూలు కాల్, ఖాళీ లేకపోతే నిద్రపోవచ్చు. మెమరీ పుష్కలంగా ఉన్న మెషీన్‌లో ఆ అవసరం రాదు గనుక టెస్టులన్నీ పాసైపోతాయి, లోడ్ పెరిగిన రోజున సిస్టమ్ హ్యాంగ్ అవ్వొచ్చు. డీబగ్ ఆప్షన్ పెట్టి బిల్డ్ చేసిన కెర్నెల్ అయితే నయం. నిజంగా నిద్రపోకపోయినా, పోయే వీలుంటే చాలు, లాగ్‌లో గోల పెట్టేస్తుంది.

చాలామందికి ముందుగా తోచే రిపేరు, 'ఉంటే ఇవ్వు, లేకపోతే లేదని చెప్పు' అనే జీఎఫ్‌పీ అటామిక్ రకానికి మార్చేయడం. ఒక్క పదం మారిస్తే అయిపోతుంది, అందుకే నాకు దానిమీద అనుమానం. మెమరీ దొరకనప్పుడు తనిఖీ కోడ్ ఏం చెప్పాలి? కుదరదంటే హక్కున్నవాడి పని ఆగుతుంది. కానిమ్మంటే కన్నం పడుతుంది. అంతకంటే, లాక్ పట్టుకోకముందే మెమరీ తెచ్చుకుని, పట్టుకున్నాక పరిస్థితి మారిందేమో మళ్లీ చూసుకోవడం మేలు. మనం పట్టికలో చేర్చబోయే ఎంట్రీనే ఈలోగా ఇంకెవరో చేర్చేసి ఉంటే మనది వదిలేయాలి.

అసలు లాకే తీసేస్తే? ఎస్‌ఈలినక్స్ అదీ చేసింది. ఎవరు ఏం చేయొచ్చో చెప్పే నియమాల చిట్టాని పాలసీ అంటారు. దాన్ని చదవడానికి పట్టుకోవాల్సిన రీడ్-రైట్ లాక్ స్థానంలో 2020లో ఆర్‌సీయూ అనే పద్ధతి వచ్చింది. ఇందులో చదివేవాళ్లు ఎవరికోసమూ ఆగరు. కొత్త పాలసీని పక్కన సిద్ధం చేసి, పాలసీ ఎక్కడుందో చూపే పాయింటర్‌ని దానివైపు తిప్పేస్తారు. పాతదాన్ని చదువుతున్నవాళ్లందరూ బయటపడ్డాకే దాన్ని తీసేస్తారు.

ఎదురుచూపులు పోయాయి, వాటి బదులు కొత్త చిక్కు వచ్చింది. పాయింటర్ మారిన ఆ కాస్త వ్యవధిలో కొందరి చేతిలో పాత పాలసీ, ఇంకొందరి చేతిలో కొత్తది ఉంటాయి. ఫైళ్లకీ ప్రోగ్రామ్‌లకీ తగిలించే ప్రతి సెక్యూరిటీ లేబుల్‌కీ ఎస్‌ఐడీ అనే నంబర్ ఇచ్చే పట్టిక కూడా పాతదీ కొత్తదీ రెండూ వాడకంలో ఉంటాయి. ఒకరు ఇందులో, ఒకరు అందులో ఒకేసారి కొత్త లేబుల్ చేర్చబోతే నంబర్లు ఢీకొంటాయి. ఒకప్పుడు అందరినీ ఆపి ఉంచిన లాక్, ఈ గొడవనూ చప్పుడు లేకుండా ఆపి ఉంచిందన్నమాట.

2021లో దీన్ని సరిచేసినప్పుడు పాత లాక్‌ని తిరిగి తేలేదు. పాయింటర్ తిప్పే ముందే పాత పట్టికలో కొత్త ఎంట్రీలు పడకుండా కట్టేస్తారు. అందులో చేర్చబోయినవాళ్లకి 'ఈస్టేల్' అనే ఎర్రర్ వస్తుంది. వాళ్లు కొత్త పాలసీ అందుకుని పని మళ్లీ మొదటినుంచి చేయాలి. దాంతో, కొత్త ఎస్‌ఐడీ పుట్టించే దారి ఉన్న ఫంక్షన్లను ఒక్కొక్కటే వెతికి, ఈ మళ్లీ ప్రయత్నించే కోడ్‌ని వాటిలో చేర్చాల్సి వచ్చింది.