పాత స్పోర్ట్స్ కారుకు ఏసీ: అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో మా షెడ్డుకు పాత కార్లు బెంగళూరు నుంచీ వస్తాయి, చెన్నై నుంచీ వస్తాయి. ఎక్కువగా అంబాసిడర్లు, పద్మినీలు. ఎప్పుడైనా ఒక ఎంజీబీ, అంటే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. "అన్నా, దీనికి ఏసీ పెడతావా?" అంటారు. పెడతాం. అందరూ అడిగేది కంప్రెసర్ గురించి, మేం మొదట చూసేది కరెంటు.

అపోహ: మంచి కంప్రెసర్ తెచ్చి బెల్టు వేస్తే చాలు.

వాస్తవం: ఎంజీబీ 1962లో వచ్చింది. 1967 దాకా తయారైన బండ్లలో కరెంటు పుట్టించేది డైనమో. ఇంజను బాగా తిరిగినప్పుడు అది ఇచ్చేదే 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ అన్నీ దాంట్లోనే సరిపెట్టుకోవాలి. ఏసీ బ్లోయరు, కండెన్సర్ (గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాను, కంప్రెసర్ క్లచ్ కలిసి సుమారు ఇంకో ఇరవై అడుగుతాయి. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, భారమంతా బ్యాటరీ మీదే. అందుకే ముందు డైనమో తీసి, ఐడ్లింగ్‌లోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టాలి.

అక్కడా ఒక మెలిక ఉంది. ఆ బండ్లలో బాడీకి కలిపింది బ్యాటరీ ప్లస్సు. ఆల్టర్నేటర్‌కు బాడీ మైనస్ కావాలి. బ్యాటరీ తిప్పి పెట్టేస్తే అయిపోదు. ఇగ్నిషన్ కాయిల్ వైర్లు అటుదిటు మార్చాలి, ఆర్‌పీఎం మీటరు సంగతి చూడాలి, పాత రేడియో ఉంటే ముందే విప్పాలి. లేదంటే పొగే.

అపోహ: ఏసీ వేస్తే ఇంజను మరుగుతుంది.

వాస్తవం: సగం నిజం. కండెన్సర్ వదిలిన వేడిగాలే వెనకున్న రేడియేటర్‌లోకి పోతుంది. కానీ గొట్టాలు పూడిపోయిన రేడియేటర్‌తో మే నెలలో మొగిలి ఘాట్ ఎక్కితే ఏసీ లేకున్నా మరుగుతుంది. కోర్ కొత్తది వేయించి, మంచి ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి, గాలి పక్కలకు తప్పించుకోకుండా సందులు మూస్తే నిలబడుతుంది.

అపోహ: చిన్న ఇంజను లాగలేదు.

వాస్తవం: ఇప్పటి రోటరీ కంప్రెసర్ తినేది నాలుగైదు హార్స్‌పవర్. ఎంజీబీ 1798 సీసీ ఇంజనుకు రోడ్డు మీద పెద్దగా తెలీదు. కంప్రెసర్ క్లచ్ టక్కున పట్టగానే ఐడ్లింగ్‌లో వణికి ఆగిపోవడం మాత్రం ఉంది; దానికి కార్బురేటర్ దగ్గర ఐడ్లింగ్ కాస్త పెంచే చిన్న సోలనాయిడ్ పెడతాం.

అపోహ: ఏటా గ్యాసు పట్టించాలి, ఎంత ఎక్కువ కొడితే అంత చల్లదనం.

వాస్తవం: గ్యాసు పెట్రోలు కాదు, అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఎక్కువైతే ప్రెషర్ పెరిగి చల్లదనమే తగ్గుతుంది. వాక్యూమ్ లాగకుండా, అంటే లోపలి గాలి, తేమ పంపుతో తీయకుండా గ్యాసు కొడితే ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రంలో మంచుగా గడ్డకడుతుంది: కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, కాసేపు ఆపి మళ్ళీ ఆన్ చేస్తే వస్తుంది. అలా ఉంటే మళ్ళీ గ్యాసు కొట్టించకండి. తేమ పీల్చే డ్రయర్ మార్చి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టించండి. చవక అని వంటగ్యాసు ఎక్కించేవాళ్ళ దగ్గరికి అసలే పోవద్దు. కూలింగ్ కాయిల్ ఉండేది మీ మోకాళ్ళ ముందు. అక్కడ లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు.

అపోహ: డ్యాష్‌బోర్డు కోయక తప్పదు.

వాస్తవం: డ్యాష్ కింద వేలాడే యూనిట్లు ఉన్నాయి. వీలైనంతవరకు ఉన్న రంధ్రాల్లోంచే పైపులు తీస్తాం, విప్పిన సామాను మూటకట్టి ఓనరు చేతిలో పెడతాం. గుడ్డ టాపు బండి ఇన్నోవాలా చల్లబడుతుందని మాత్రం ఆశపడకండి. ఇంజను వైపు రేకుకు, ఫ్లోరుకు వేడిని ఆపే హీట్ షీటు వేయిస్తే తేడా బాగా తెలుస్తుంది. డ్రెయిన్ పైపు బండి కిందికి దిగిందో లేదో మీరే వంగి చూసుకోండి. నీళ్ళు కార్పెట్ కింద నిలిస్తే ఫ్లోరు రేకు తుప్పు పట్టిపోతుంది, ఆ పాత రేకు మళ్ళీ దొరకదు.