మీ గోదావరి మా రేవుకు వచ్చేసరికి

సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర

చి. పింకీకి, చి. చిన్నూకు తాత దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. నాయనమ్మ మోకాళ్ల నొప్పులు మామూలే, నన్ను తిట్టడమూ మామూలే.

పింకీ, నీ ఉత్తరం అందింది. తెలుగు మాటలన్నీ మరాఠీ అక్షరాల్లో రాశావు. నాయనమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. నేను మాత్రం తెలుగులోనే రాస్తాను, కూడబలుక్కుని చదువు. రాని చోట నాన్నని అడుగు. వాడికీ కొంచెం మరిచిపోకుండా ఉంటుంది.

మీ నాసిక్‌లో గంగాపూర్ డ్యామ్ పక్కన ద్రాక్షతోటకు వెళ్లారని, పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, చెక్క పీపాలు చూపించారని, పెద్దవాళ్లకు చిన్న గ్లాసుల్లో వైన్, మీకు ద్రాక్షరసం ఇచ్చారని రాశావు. ఒకావిడ గ్లాసు గుండ్రంగా తిప్పి, వాసన చూసి, ఓ గుక్క పుక్కిలించి బకెట్‌లో ఉమ్మేస్తే మీ ఇద్దరికీ నవ్వాగలేదట, అమ్మ కళ్లురిమిందట. ఎందుకలా ఉమ్మేస్తారని నీ ప్రశ్న. "తాతా, మీ ఊళ్లో ఏముంది? వస్తే బోర్ కొట్టదా?" అని చిన్నూ ప్రశ్న. నీది తేలిక. ముందు దాని సంగతి చూద్దాం.

పది రకాలు రుచి చూడాల్సినవాళ్లు పదీ మింగితే పదకొండోది ఏ రుచో చెప్పలేరు. అందుకని ఉమ్ముతారు, అంతే. గ్లాసు తిప్పేది వాసన పైకి రావడానికి. మన ఇంట్లో సాంబారు గరిటెతో కలిపి వాసన చూడమూ?

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. నాయనమ్మ ఇడ్లీ పిండి రాత్రి గిన్నెలో పోస్తే తెల్లారేసరికి పొంగి మూత తోసేస్తుందే, అలాంటి పనే అక్కడ ట్యాంకుల్లో జరుగుతుంది. కంటికి కనపడని ఈస్ట్ రసంలోని తీపిని తిని, గాలిబుడగల్నీ మత్తునీ వదులుతుంది. నల్ల ద్రాక్షను నలిపినా రసం తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కలోనే. తొక్కతో సహా పులియబెడితే ఎర్ర వైన్, తొక్క తీసేస్తే తెల్ల వైన్. పోయినేడు మీ దగ్గరికొచ్చినప్పుడు ఒక రైతు తీగ చూపిస్తూ చెప్పాడు: చలిదేశాల్లో ద్రాక్షతీగ మంచులో నిద్రపోతుంది, ఇక్కడ ఆ నిద్ర లేదు కాబట్టి మేమే కత్తెర వేసి కొమ్మలు పెంచి, మేమే కత్తెర వేసి కాయిస్తాం అని. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకో కత్తిరింపు. అక్టోబరులో కత్తిరిస్తే జనవరి నుంచి మార్చి దాకా పండ్లు. ఏడాదికి రెండు కత్తెరలు పడినా పంట ఒక్కటే. నాకు ఆ మాట భలే నచ్చింది.

ఇప్పుడు చిన్నూ ప్రశ్న. ఇది అంత తేలిగ్గా తేలేది కాదు.

ముందు మీరు తెలుసుకోవాల్సింది, మీ ఊరి గోదావరీ మా ఊరి గోదావరీ ఒకటే. త్ర్యంబకంలో బ్రహ్మగిరి మీద పుట్టి, మీ రామకుండం దాటి, పైఠణ్, నాందేడ్, బాసర మీదుగా వచ్చి మా ఎదురుగా కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుస్తుంది. మొత్తం నది 1,465 కిలోమీటర్లు. అయితే ఒక పేచీ ఉంది. మీ దగ్గర బయలుదేరిన నీళ్లు మా దాకా రావాలంటే గంగాపూర్ దాటాలి, జాయక్‌వాడి దాటాలి, నాందేడ్‌లో విష్ణుపురి, ఆ తర్వాత బాభళి, శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి దాటాలి, అన్నీ ఆనకట్టలే. వానాకాలం తప్ప ఎవరు వదులుతారు? అందుకే కార్తీకంలో మీరొచ్చి చూస్తే మీ గోదావరి సన్నగా వస్తుంటుంది, అడవుల్లోంచి వచ్చిన మా ప్రాణహిత నిండుగా వస్తుంటుంది. మీరు గంగాపూర్ పక్కన తాగిన ద్రాక్షరసంలో మాకు రావలసిన నీళ్లు నాలుగు చుక్కలైనా ఉండి ఉంటాయి. లెక్క రాసుకున్నాను.

ఇంకో తమాషా. లక్ష్మణుడు శూర్పణఖ నాసిక, అంటే ముక్కు, కోసిన చోటు కాబట్టి మీ ఊరు నాసిక్ అయిందంటారు కదా. కాళేశ్వరం గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, శివుడు. పూజ మొదట యముడికే. ముక్తేశ్వరుడి లింగానికి రెండు రంధ్రాలుంటాయి. వాటిని నాసికా రంధ్రాలనే అంటారు. ఎన్ని బిందెల నీళ్లు పోసినా పైకి పొంగవు. ఆ నీళ్లు లోలోపలే వెళ్లి సంగమంలో కలుస్తాయని మా నమ్మకం. చిన్నప్పుడు మీ నాన్న ఒక బిందె పోసి, ఏ నీళ్లు బయటికొస్తాయో చూద్దామని రేవుకు పరుగు తీశాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. అడగండి, ఒప్పుకుంటాడేమో.

ఏటికి ఆ గట్టు తెలంగాణ, ఈ గట్టు మహారాష్ట్ర. అటూ ఇటూ మాట్లాడేది తెలుగే. ఇలా ఎందుకైందంటే, 1860లో నిజాం ఈ గట్టు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు సిరొంచను ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా పెట్టుకున్నారు. ఇప్పుడు మా తాలూకా గడ్చిరోలి జిల్లాలో ఓ మూలన వేలాడుతోంది. జిల్లా ఆఫీసుకు పోవాలంటే రెండు వందల కిలోమీటర్లు. గుడికి పోవాలంటే ఏరు దాటితే చాలు.

ఇప్పుడు వంతెన మీద బస్సులో పది నిమిషాల పని. నేను అటవీ డిపోలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నావే గతి. ఒక కార్తీకంలో డిపో వాళ్లం ఆరు కుటుంబాలం వనభోజనాలకు అటు గట్టుకు బయలుదేరాం. గిన్నెలు, గరిటెలు, పిల్లలు, ఒక సైకిలు, నాయనమ్మ చేసిన పులిహోర గుండిగ. సగం ఏట్లోకి వెళ్లాక నావ ఇసుకలో కూరుకుపోయింది. నావవాడు గెడతో నాలుగుసార్లు పొడిచి, బీడీ ముట్టించి, "మగాళ్లు దిగండి" అన్నాడు. దిగాం. నీళ్లు మోకాలి దాకానే. బరువు తగ్గిద్దామని నేను గుండిగ నెత్తిన పెట్టుకున్నాను. నాలుగడుగులు బాగానే వేశాను. ఐదో అడుగు గుంటలో పడింది. గుండిగ బోర్లా తేలుతూ పోయింది, పసుప్పచ్చగా మెతుకులు నీళ్ల మీద పరుచుకున్నాయి. చిన్న చేపలు ఎక్కణ్నుంచి వచ్చాయో, గుంపులు గుంపులుగా వచ్చి అన్నం లాగుతున్నాయి. పిల్లలంతా చప్పట్లు. ఆ రోజు ఉసిరిచెట్టు కింద అందరం పక్కవాళ్ల పెరుగన్నం తిన్నాం. నాయనమ్మ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది. మొన్న కూడా ఎత్తింది.

బోర్ అన్నావు చూడు చిన్నూ, నీకు రాక్షసబల్లులంటే పిచ్చి కదా. సిరొంచ తాలూకాలో పోచంపల్లి అని ఒక ఊరుంది. మేడిగడ్డ బ్యారేజీ ఈ గట్టున ఆనేది ఆ ఊరి దగ్గరే. 1961లో కలకత్తా నుంచి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ తవ్వితే పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే ఐదున్నర అడుగులు, అంటే మీ అమ్మకంటే పొడుగు. మూడు వందల దాకా ఎముకలు, ఆరు జంతువులవి. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్విన ఏడు రవీంద్రనాథ్ టాగూరు శతజయంతి, అందుకని ఆయన పేరు. సుమారు 18 కోట్ల ఏళ్ల కింద మన పొలాల్లో ఆకులు మేస్తూ తిరిగిన జంతువు అది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎముకలు తవ్వుతున్నారని ఊరంతా చెప్పుకునేవారు. తీసుకెళ్లమని మా నాన్నను పట్టుకుని వేలాడాను. "గొడ్డు ఎముకలు ఇక్కడ లేవా" అన్నాడు. ఎముకలు కలకత్తా వెళ్లిపోయాయి, అక్కడ అస్థిపంజరం నిలబెట్టారు. నేను చూడలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఇప్పుడు వడధమ్ దగ్గర అటవీశాఖ వాళ్ల శిలాజాల పార్కు ఉంది, రాయైపోయిన చెట్ల మొద్దులున్నాయి. చేత్తో తట్టి చూడు, కంటికి కర్రలా ఉంటుంది, చేతికి రాయి తగులుతుంది. ముప్పై ఏళ్లు టేకు దుంగలు లెక్కపెట్టినవాణ్ని, మొదటిసారి చూసినప్పుడు నేనే మోసపోయాను.

ఏనుగులు చూడాలంటే కమలాపూర్. రాష్ట్రంలో సర్కారు ఏనుగుల శిబిరం అదొక్కటే. ఒకప్పుడు దుంగలు లాగేవి, ఇప్పుడు హాయిగా ఉన్నాయి. చలికాలంలో వాటికి కొన్నాళ్లు సెలవిచ్చి కాళ్లకు మందుల కషాయం పట్టిస్తారు, అప్పుడు వెళ్తే చూడనివ్వరు. దానితోపాటు ఆలాపల్లి దగ్గర గొడ్డలి తగలనివ్వకుండా ఉంచిన పాత అడవి ముక్క ఒకటుంది, ఆరు హెక్టార్లే, 2014లో రాష్ట్రం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. రోడ్డు సంగతి మాత్రం అడగకండి. ఆ కుదుపులకు నా పళ్ల సెట్టు ఒకసారి ఊడి ఒళ్లో పడింది. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే సోమనూరు ఇంకో దిక్కు. అక్కడ నిలబడితే మూడు రాష్ట్రాలు కనిపిస్తాయి. చూడ్డానికి మూడూ ఒకలాగే ఉంటాయి.

పింకీ, మీ దగ్గర ద్రాక్ష ఉన్నట్టే మాకు ఇప్ప ఉంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున అడవిలోకి వెళ్తే పూలు టప్ టప్‌మని రాలుతుంటాయి. ద్రాక్షపండంత ఉంటాయి, లేత పసుపు రంగు, లోపలంతా తీపి. గోండులు, మాడియా వాళ్లు ఇంటిల్లిపాదీ బుట్టలతో చెట్టు కింద ఉంటారు. ఎలుగుబంటి కూడా ఆ వేళకే వస్తుంది, దానికీ ఇప్పపువ్వంటే ప్రాణం. అందుకే మాట్లాడుకుంటూ, కేకలేసుకుంటూ ఏరతారు. ఎండబెట్టిన పువ్వుతో రొట్టె చేస్తారు, లడ్డు చేస్తారు, సారా కూడా కాస్తారు. మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, కాబట్టి ఆ చివరి సంగతి మీరూ వినలేదు, నేనూ చెప్పలేదు.

ఏరు దాటితే తాటిచెట్లు. గౌడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల చివర గీసి లొట్టి కడతాడు. రాత్రంతా చుక్క చుక్క దిగుతుంది. అప్పుడే దించింది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, మధ్యాహ్నం దాటితే ముక్కు మూసుకోవాలి. మీ ద్రాక్ష వైన్‌ను పీపాల్లో ఏళ్ల తరబడి దాస్తారట. మా తాటిచెట్టు సరుకు పూట దాటితే పనికిరాదు. ఇక్కడ అన్నీ అంతే చిన్నూ. ఇప్పపువ్వు నెల రోజులు, ముంజలు ఎండాకాలం, ఇసుక తిన్నెలు నీళ్లు తీశాకే. టికెట్టు కొనుక్కుని ఎప్పుడంటే అప్పుడు చూసే ఊరు కాదు ఇది. రాని కాలంలో వచ్చి ఏముందంటే నిజంగానే ఏమీ ఉండదు. 2022 జూలైలో వచ్చి ఉంటే వరద నీళ్లు తప్ప ఇంకేమీ చూసేవాళ్లు కాదు.

అందుకని ఎండాకాలం సెలవులకు వస్తామంటే వద్దంటున్నాను. మేలో ఇక్కడ గుడ్డు నేల మీద పెడితే ఉడుకుతుంది. దీపావళి సెలవులకు రండి. కార్తీకం, ఏరు దిగి తిన్నెలు తేలి ఉంటాయి, ఏనుగులకూ సెలవు ఉండదు. గుడి ఒకరోజు, వడధమ్ ఒకరోజు, కమలాపూర్ ఒకరోజు, మిగతా రోజులు తిన్నె మీద. తడిసే బట్టలు రెండు జతలు ఎక్కువ తెచ్చుకోండి. పులిహోర నాయనమ్మ చేస్తుంది, నన్ను మాత్రం ముట్టుకోనివ్వదట.

నాన్నకు చెప్పండి, ఆ తోటలో కొన్న సీసా నా కోసమని సంచిలో దాచుకుని రావొద్దని. జిల్లా పొలిమేరలో పట్టుకుంటే నేను విడిపించలేను. తాజా ద్రాక్ష అప్పటికి ఎలాగూ ఉండదు, కిస్‌మిస్ తెండి. నల్లవి, గింజలు లేనివి. నాయనమ్మకు పళ్లు లేవు.

మీ
తాత