ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ గొడవకి అసలు మూలం 2006లో ఉంది

ఫ్లోరిడా దగ్గర ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ అనే పెద్ద ప్రయాణికుల ఓడని సముద్రంలో ముంచి చేపల రీఫ్ (చేపలు చేరే కృత్రిమ దిబ్బ) చేస్తారంట అన్న వార్త మళ్ళీ తిరుగుతోంది, "అంత ఓడని ముంచడమేంటి, పిచ్చా" అని కొందరు, "మంచిదే కదా, చేపలు పెరుగుతాయి" అని కొందరు. 1952లో మొదటి ట్రిప్పులోనే అట్లాంటిక్ దాటడంలో స్పీడ్ రికార్డు కొట్టింది, 1969లో ఆపేశారు, 1996 నుంచి ఫిలడెల్ఫియాలో తుప్పు పట్టింది, ఈ కథ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేద్దాం. అద్దె గొడవ కూడా క్లుప్తంగానే చెప్తా. రేవు ఓనర్లు రోజు అద్దెని 850 డాలర్ల నుంచి 1,700కి పెంచారు, కోర్టుకెళ్తే 2024 జూన్‌లో జడ్జి సెప్టెంబర్ 12 లోపు ఖాళీ చేయమన్నారు, ఓడని చూసుకుంటున్న కన్సర్వెన్సీకి ఇంకో రేవు దొరకలేదు, అక్టోబర్‌లో ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీకి (మన జిల్లా లాంటిది) అమ్మేశారు. 2025 ఫిబ్రవరిలో టగ్ బోట్లు లాక్కుని వెళ్ళి మార్చి మొదట్లో అలబామాలోని మొబైల్ చేర్చాయి, క్లీనింగ్ అక్కడే.

అద్దె కట్టలేక పోగొట్టుకున్నారు పాపం అని చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. నిజమే కానీ అది అమ్మినవాళ్ళ కథ. కొన్నవాళ్ళ సంగతేంటి? బీచ్ టూరిజం మీద బతికే ఒక కౌంటీ కోటి డాలర్లకు పైగా పెట్టి, లోపల ఏమీ మిగలని 990 అడుగుల డొల్ల ఓడని ఎందుకు తెచ్చుకుంటుంది? దానికి జవాబు అదే ఫ్లోరిడా తీరంలో కొంచెం పడమరగా పెన్సకోలాలో ఉంది, 2006 మే 17న.

ఆరోజు అమెరికా నేవీ ఒరిస్కనీ అనే పాత విమాన వాహక నౌకని పెన్సకోలాకి ఆగ్నేయంగా సముద్రంలో పేలుడు పదార్థాలు పెట్టి ముంచింది. 37 నిమిషాల్లో వెళ్ళిపోయింది, 212 అడుగుల లోతులో నిటారుగా కూర్చుంది, అప్పటిదాకా రీఫ్ కోసం అంత పెద్ద ఓడని ఎవరూ ముంచలేదు. వియత్నాం యుద్ధంలో, తర్వాత సెనేటర్ అయిన జాన్ మెకెయిన్ ఎగిరింది దీని మీద నుంచే. అంతకుముందు 90ల్లో దీన్ని స్క్రాప్‌కి అమ్మితే కొన్న కంపెనీ పని చేయలేక చేతులెత్తేసింది, ఓడ తిరిగి ప్రభుత్వం నెత్తినే పడింది. పాత యుద్ధనౌకల్ని ఏం చేయాలో తెలీక నేవీ తలపట్టుకున్న రోజులవి, అప్పుడే రీఫ్ కోసం రాష్ట్రాలకి ఇచ్చేయొచ్చని చట్టంలో దారి తెరిచారు, ఆ దారిలో మొదట వెళ్ళింది ఒరిస్కనీనే. అంటే ఆ ఆలోచన మొదలైంది చేపల దగ్గర కాదు, వదిలించుకోవడం దగ్గర. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

సరే, వదిలించుకోవడం చౌకగా అయిందా అంటే అదీ లేదు. సుమారు 2 కోట్ల డాలర్లయింది, మధ్యలో 2005 తుఫాన్ల సీజన్ వస్తే ఓడని టెక్సాస్‌కి లాక్కెళ్ళి మళ్ళీ తెచ్చారు. ఖర్చులో పెద్ద వాటా క్లీనింగ్‌ది. అక్కడే పీసీబీల గొడవ మొదలైంది. పాత కేబుళ్ళ ఇన్సులేషన్లో, పెయింట్లో, గాస్కెట్లలో వాడిన విషపు కెమికల్ అది, అమెరికా 1979లో తయారీ బ్యాన్ చేసింది. ఒరిస్కనీలో కేబుళ్ళన్నీ పీకడం కుదరదని లెక్కలేసి, ఏడు వందల పౌండ్లకు పైగా పీసీబీలు లోపలే ఉండగా ముంచడానికి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఓకే చెప్పింది, రిస్క్ లెక్క ప్రకారం ఫర్లేదు అని.

సియెరా క్లబ్, సియాటిల్‌లోని బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ లాంటి పర్యావరణ సంఘాల వాదన ఏంటంటే, బ్యాన్ చేసిన విషాన్ని నేల మీద పారేస్తే నేరం, సముద్రంలో ఓడ పేరుతో పారేస్తే రీఫ్ ఎలా అవుతుంది, పైగా ఆ స్టీలు, అల్యూమినియం కరిగిస్తే మళ్ళీ పనికొస్తాయి, షిప్ బ్రేకింగ్ యార్డుల్లో జనానికి పని దొరుకుతుంది. దీన్ని పర్యావరణం వాళ్ళ గోల అని కొట్టిపారేశారు గానీ తర్వాత జరిగింది చూడండి. ఫ్లోరిడా రాష్ట్రం వాళ్ళే ఒరిస్కనీ దగ్గర రెడ్ స్నాపర్ చేపల్ని పట్టి టెస్ట్ చేయిస్తే మొదటి రెండేళ్ళలో పీసీబీలు ఆరోగ్యశాఖ గీత దాటి కనిపించాయి, తర్వాతి ఏళ్ళలో తగ్గాయి. తగ్గాయి కదా అంటారు రీఫ్ వైపు వాళ్ళు, అదీ నిజమే. కానీ 2012లో అమెరికా మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్, అంటే పాత సర్కారీ ఓడల డిపో నడిపే సంస్థ, 1985కి ముందు కట్టిన ఓడల్ని ఇక రీఫ్‌కి ఇవ్వం అని పాలసీ మార్చేసుకుంది, కారణం పీసీబీలే. గోల అన్నవాళ్ళ మాటే ఆరేళ్ళకి రూల్ అయింది.

ఇక్కడే అసలు మెలిక. ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ 1952 నాటి ఓడ. ప్రభుత్వ డిపోలో ఉండుంటే ఆ రూల్ ప్రకారం రీఫ్ కాకపోను. కానీ అది ప్రైవేటు ఓడ, కౌంటీ ప్రైవేటుగా కొంది, కాబట్టి ఆ గీత దీనికి తగల్దు. 90ల్లో యుక్రెయిన్‌కి తీసుకెళ్ళి ఆస్బెస్టాస్ పీకించారు, ఫర్నిచర్ అంతకుముందే 1984లో వేలంలో పోయింది, కాబట్టి చాలావరకు ఖాళీ డబ్బానే అని కౌంటీ అంటోంది, ఈపీఏ నియమాల ప్రకారమే క్లీన్ చేస్తున్నాం అని కూడా. పెయింట్ మాటేంటని అవతలివాళ్ళు అడుగుతున్నారు.

ఒరిస్కనీ నుంచి కౌంటీలు నేర్చుకున్నది మాత్రం విషం సంగతి కాదు, లోతు సంగతి. 2008లో గుస్తావ్ తుఫానొచ్చి ఒరిస్కనీ ఇంకో పది అడుగులు కిందకి దిగింది, విమానాల డెక్ 135 నుంచి 145 అడుగులకి వెళ్ళిపోయింది. మామూలు స్కూబా డైవర్‌కి లిమిట్ 130. "గ్రేట్ క్యారియర్ రీఫ్" అని పేరుపెట్టి టీషర్టులమ్మిన ఓడ డెక్ మామూలు డైవర్లకి అందకుండా పోయింది, పై టవర్ వరకే చూసి రావాలి. ఇప్పుడు ఒకలూసా ప్లాన్ చూడండి, 180 అడుగుల లోతులో పెడితే ఓడ పైభాగం 60 అడుగుల దగ్గరే ఉంటుంది అంటున్నారు. అంత ఎత్తున్న ఓడ మరి ఇంకెక్కడ దొరుకుతుంది? కోటి డాలర్ల లెక్క నాకైతే ఇక్కడే అర్థమైంది.

చేపల మాటకొద్దాం, ఎందుకంటే పేపర్లో అన్నిచోట్లా "ఫిషింగ్ రీఫ్" అనే రాస్తారు. ఆ తీరంలో పాత సామాను సముద్రంలో వేసి చేపలు పట్టడం కొత్తేం కాదు, అలబామా చార్టర్ బోట్లవాళ్ళు (కస్టమర్లని చేపల వేటకి తీసుకెళ్ళేవాళ్ళు) 1953లోనే 250 కారు బాడీలు ముంచారు, తర్వాత రెండో ప్రపంచ యుద్ధం నాటి లిబర్టీ షిప్పులనే సరుకు ఓడలు, 90ల్లో పాత యుద్ధ ట్యాంకులు. అడుగంతా చదునైన ఇసుక, రాళ్ళు తక్కువ, ఏదైనా ఎత్తుగా పడితే స్నాపర్ వచ్చి చేరుతుంది, దాని వెనకే గేలం బోట్లు. (ఫ్లోరిడాకి అవతలి వైపు ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర 70ల్లో 20 లక్షల టైర్లు కట్టగట్టి వేశారు, కట్లు తెగి టైర్లు నిజమైన పగడాల మీద దొర్లి వాటినే చంపాయి, ఇప్పటికీ తీయిస్తున్నారు. అప్పుడూ "చేపల కోసమే" అన్నారు.)

రీఫ్ చేపల్ని పుట్టిస్తుందా లేక ఉన్నవాటిని ఒకచోట పోగేస్తుందా అనేది శాస్త్రవేత్తల మధ్య పాత తగాదా, 1989లో బోన్‌సాక్ అనే ఆయన ఈ ప్రశ్న గట్టిగా వేశాడు. జాతరకి పదివేలమంది వచ్చారంటే ఊరి జనాభా పెరిగినట్టు కాదు కదా, ఇదీ అంతే. పోగేసిన చేపల్ని పట్టడం తేలిక, దాంతో పట్టేది పెరుగుతుంది. 2017లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, అంటే ఈ తీరంలోనే, సొంత బోట్లవాళ్ళకి ఫెడరల్ రెడ్ స్నాపర్ సీజన్ మూడంటే మూడు రోజులు పెట్టారు, గగ్గోలు పుట్టాక ఇంకో 39 రోజులు కలిపారు. తర్వాత 2020లో వచ్చిన పెద్ద లెక్కింపులో స్నాపర్ అనుకున్నదానికి మూడింతలుందని తేలింది, అందులో ఎక్కువ భాగం రీఫుల మీద కాదు, ఎవరూ మ్యాప్ చేయని మామూలు అడుగు మీద ఉంది. చార్టర్ కెప్టెన్లు మాత్రం రీఫ్ ఉంటే దూరం పోకుండా పూటలో కస్టమర్‌కి చేప చూపించొచ్చు అంటారు, వ్యాపారంగా అది సరైన మాటే, దాన్ని చేపల సంరక్షణ అనకుండా ఉంటే చాలు.

ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్‌ని కాపాడాలన్నవాళ్ళు న్యూయార్క్ తీసుకెళ్ళి మ్యూజియం చేద్దామన్నారు, డబ్బు చూపించలేకపోయారు. ఇది మనకి తెలిసిన కథే. మన విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్‌ని వైజాగ్ తెచ్చి మ్యూజియం, హోటల్ చేస్తామన్నారు గుర్తుందా, లెక్క కుదరలేదు, 38.54 కోట్లకి స్క్రాప్ కింద పోయి 2020లో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్ చేరింది. ఆర్కే బీచ్‌లో కుర్సురా 2002 నుంచి నిలబడిందంటే అది సబ్‌మెరైన్, సైజు చిన్నది.

ఈ వార్తని మనం ఇంత పట్టించుకోవడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర కేంద్రం మత్స్య సంపద పథకంలో తీరం పొడుగునా వేయిస్తున్న రీఫులు సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) డిజైన్ చేసిన కాంక్రీటు దిమ్మలు, వాటిలో ఈ పీసీబీ పేచీ లేదు. కానీ మహారాష్ట్ర టూరిజం వాళ్ళు రిటైరైన నేవీ ఓడ ఐఎన్‌ఎస్ గుల్దార్‌ని 2025లో తీసుకున్నారు, సింధుదుర్గ్ దగ్గర నివతి రాక్ పక్కన ముంచి అండర్‌వాటర్ మ్యూజియం కమ్ రీఫ్ చేస్తారంట. పోలండ్‌లో కట్టిన ఓడ, నేవీలో చేరింది 1985 డిసెంబర్‌లో, అంటే కట్టింది అంతకుముందే, సరిగ్గా అమెరికా గీసుకున్న గీత అంచున. అడగాల్సింది పెద్ద ప్రశ్నేం కాదు, ముంచేముందు కేబుళ్ళు టెస్ట్ చేసిన రిపోర్టు బయటపెడతారా, ముంచాక అక్కడి చేపల్ని ఏటా టెస్ట్ చేయడానికి బడ్జెట్‌లో ఎంత పెట్టారు. ఫ్లోరిడాలో కనీసం రెండోది చేశారు కాబట్టే ఇవాళ ఇంత వాదన జరుగుతోంది.